చావుపిట్ట పనితనం

రాలిన కాయ చేతిలో పెడితే చాలు, పాడుచేసింది ఎవరో తోట కాపలా తాత చెప్పేస్తాడు. ఉంగుటూరు మండలంలో కాలువ కింద వరి, మెట్టన మామిడి. ఆ మెట్ట తోటల్లో ఒకదానికి ఆయన ముప్పై ఏళ్లుగా కాపలా. చిలక కొట్టిన కాయకి ఒకేచోట లోతుగా గాటు పడుతుంది, ముక్కు వంపు అందులో అచ్చుపడి ఉంటుంది. ఉడత కొరికితే పక్కపక్కనే జంటగీతలు, పేల దువ్వెనతో గీసినట్టు. గబ్బిలం దారి వేరు. పండుని ఇంకో చెట్టుకి మోసుకుపోయి, నమిలి, రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తుంది. తెల్లారి ఆ చెట్టు కింద పిప్పి ఉండలూ చీకిన టెంకలూ పడి ఉంటాయి. "కాయ ఎలాగూ పోయింది బాబూ, ఆ పన్ను చూడండి" అంటాడు.

కాయమీద పన్ను చూడటం ఆయన దగ్గర నేర్చుకున్నాక, ఎముక మీద పన్ను చూడటం నాకు పెద్ద కష్టమనిపించలేదు. ఆ ఎముకలు దొరికింది కూడా ఆ తోటలోనే.

తోట మధ్యలో పెంకుల షెడ్డు ఒకటి ఉంది. ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా అందులో కాలు పెట్టే చోటుండదు. ఎండుగడ్డి, ట్రేలు, ఒకవైపు బంగినపల్లి, ఒకవైపు చిన్నరసం, జ్యూసు ఫ్యాక్టరీకి పోయే కలెక్టరు కాయ మరోవైపు. కాపు అయిపోయాక షెడ్డు చావుపిట్టది. దూలం మీద పగలంతా కళ్లు మూసుకుని కూర్చుంటుంది. తెల్లటి రొమ్ము, రావి ఆకు ఆకారంలో ముఖం. ఇంగ్లీషులో బార్న్ ఔల్ అంటారు, అంటే గాదె గుడ్లగూబ. వాళ్లు అది ఉండే చోటుని బట్టి పేరు పెట్టారు, మనం దాన్ని చూసి మనకు పుట్టే భయాన్ని బట్టి పెట్టుకున్నాం. రాత్రి అది కీచుమని అరిస్తే ఎవరికో మూడిందని మనవాళ్ల నమ్మకం. మూడేది ఎలకలకి, ఆ మేరకు నమ్మకం నిజమే.

నేను వెళ్లింది సంక్రాంతి ముందు, తోట పూత మీదున్నప్పుడు. దూలం కింద నేల సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది. ఆ రెట్టల మధ్య బొటనవేలంత నల్లటి ఉండలు పడున్నాయి. తాజాగా పడ్డది వార్నీషు పూసినట్టు మెరుస్తుంది, పాతబడేకొద్దీ బూడిదరంగుకి తిరిగి పొడిగా విచ్చిపోతుంది. చూడగానే రెట్ట అనుకుంటాం గానీ, కాదు. పిట్ట నోట కక్కిన ఉండలు అవి.

వాటిని అట్టపెట్టెలో వేసుకొచ్చి ఎండలో రెండు రోజులు ఉంచాను. ఒకదాన్ని స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కంసాలి పట్టుకారుతో విప్పాను. పైన అంతా బొచ్చే. లోపలికి వెళ్లేకొద్దీ ఎముకలు. పదునైన కొసలేవీ బయటికి పొడుచుకు రాకుండా చుట్టూ బొచ్చు అల్లుకుని ఉంది. గాజు సామాను ఎండుగడ్డిలో చుట్టి పెట్టెలో సర్దేవాడి చేతి పని గుర్తొచ్చింది నాకు.

ఈ సర్దుడంతా జరిగేది కందనకాయలో. కోడి కందనకాయ మనకి తెలుసు. రాళ్లు మింగి పెట్టుకుని గింజల్ని నూరుతుంది. గుడ్లగూబ కందనకాయ నూరదు, వడగడుతుంది. కోడికి గొంతు దగ్గర ఉండే గింజల సంచి కూడా గుడ్లగూబకి లేదు, మింగింది సరాసరి కడుపులోకే. ఎలకని అది చాలామటుకు ముక్కలు చెయ్యకుండా, తల ముందుగా మింగేస్తుంది. మాంసం కరిగి కిందికి పోతుంది. అరగని బొచ్చు, ఎముకలు, గోళ్లు, పురుగుల రెక్కల పెంకులు కందనకాయలో మిగిలి, కొన్ని గంటల్లో ఉండ కట్టుకుని, వచ్చిన దారినే బయటికి వస్తాయి. మింగినదాని ఆస్తిపాస్తుల జాబితా మొత్తం ఒక్క మూటలో.

నేను విప్పిన మొదటి ఉండలో రెండు తలకాయలు, మూడు కింది దవడ సగాలు. నాలుగో సగం ఏమైందో తెలీదు, పక్క ఉండలోకి పోయి ఉండాలి. ఒక దవడని వేలి కొనమీద పెట్టుకుని భూతద్దం కింద చూశాను. పొడవు రెండు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. వెనక మూడు కొసలు, కండలు పట్టుకునే చోట్లు. కాగితమంత పల్చగా, వెలుతురుకి ఎత్తితే అవతలి వేలు నీడగా కనిపించేంత పల్చగా ఉన్న ఆ కొసలు మూడూ విరగలేదు. నోట్లోంచి, గొంతులోంచి, కందనకాయలోంచి, మళ్లీ గొంతులోంచి వచ్చి, పది అడుగుల దూలం మీంచి నేలమీద పడ్డాక కూడా.

దవడలో దవడపళ్లు మూడూ ఉన్నాయి. నమిలే తలం మీద ఎనామిల్ పలకలు అడ్డంగా బారులు తీరి ఉన్నాయి, తిరగలి రాతికి గంట్లు పెట్టినట్టు. అలా వెడల్పుగా పలకలు పలకలుగా ఉంటే పందికొక్కు వంశం. ఈ దవడ సైజుని బట్టి మన వరిచేలలో గట్లు తవ్వే చిన్నరకం పందికొక్కు. ఈ జంతువు పేరు మన తెలుగు మాటే. ఇంగ్లీషువాళ్ల నోట్లో బాండికూట్ అయింది, అక్కణ్ణుంచి ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లి దీనితో ఏ చుట్టరికమూ లేని ఒక సంచిజంతువుకి కూడా పేరైంది. ఇలాంటిదే ఇంకొకటి. 1839లో వాల్టర్ ఇలియట్ దక్షిణ మరాఠా ప్రాంతపు జంతువుల జాబితా అచ్చువేసినప్పుడు, మెత్తటి బొచ్చున్న చేను ఎలక ఒకదానికి ఒడ్డెరల నోట విన్న పేరు రాసుకున్నాడు, మెట్టాడె అని. శాస్త్రనామంలో అదే మాట మెల్టాడా అయి కూర్చుంది. ఎలకల్ని పట్టి బతికినవాళ్ల మాట శాస్త్రంలో అలా కాస్త వంకరగానైనా మిగిలింది.

ఇక ఆ దవడ ముందు పన్ను. దీని గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది.

ఎలక కొరుకుడు పన్ను పొడవైనది. పైకి కనబడేది కొద్ది, దవడ లోపల వంకీలా దాగి ఉన్నది చాలా. ముందువైపు మాత్రమే ఎనామిల్ ఉంటుంది, పసుపు, నారింజ రంగుల మధ్యలో. వెనకవైపు అంతా మెత్తటి డెంటిన్. కడుపులో యాసిడ్ తగిలితే ముందుగా దెబ్బతినేది ఈ ఎనామిలే. పన్ను దవడలో ఉండగా మింగుడుపడితే, దాగి ఉన్న భాగానికి ఎముకే తొడుగు. యాసిడ్ అందేది బయటికి వచ్చిన కొసకి మాత్రమే. నా చేతిలో పన్ను కొసన నిగనిగ కాస్త తగ్గింది, అంతే. అద్దం మీద ఊపిరి వదిలితే వచ్చే మసక లాంటిది. పట్టుకారుతో పన్నుని దవడలోంచి మెల్లగా లాగితే లోపలి భాగం కొత్త గాజుముక్కలా మెరిసింది. ఆ మసకకీ మెరుపుకీ మధ్య గీత స్పష్టంగా ఉంది, దవడ అంచు ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడ. చావుపిట్ట ఈ పన్ను మీద చేసిన సంతకం మొత్తం ఆ మసకే.

అదే ఎలకని పగటిపూట గద్ద పట్టి ఉంటే కథ మారిపోయేది. గద్ద కాలికింద తొక్కిపెట్టి, ముక్కుతో చీల్చి, ముక్కలుగా తింటుంది. తలకాయ అక్కడే పగులుతుంది. పైగా దాని కడుపు మంట ఎక్కువ. 1975లో అమెరికాలో గ్యారీ డ్యూక్ బృందం వేటపక్షుల కడుపులో ఆమ్లం కొలిచింది. పగటి వేటపక్షులకి పీహెచ్ సగటున 1.6, గుడ్లగూబలకి 2.35. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఘాటు పెరుగుతుంది. ఆ కాస్త తేడాకే ఘాటు ఐదారు రెట్లు. అందుకే గద్ద కక్కిన ఉండలో బొచ్చు బోలెడు, ఎముకలు కొన్నే. ఉన్నవాటికీ పళ్ల మీద ఎనామిల్ మచ్చలు మచ్చలుగా లేచిపోయి, లోపలి డెంటిన్ బయటపడి ఉంటుంది. తొడ ఎముక పైబంతి, భుజం ఎముక కింది కొస, ఈ రెండు చోట్లా యాసిడ్ తినేసిన గుంటలు ముందుగా కనబడతాయి. చేతివాటం తెలుసుకోవాలంటే అక్కడ చూడాలి.

పిల్లి, నక్క, ముంగిస మింగేరకం కాదు, నమిలేరకం. దవడపళ్ల కింద పడ్డ చిన్న ఎముక తునాతునకలవుతుంది. కోరపన్ను దిగినచోట గుండ్రటి గుంట, ఒక్కోసారి అవతలిదాకా దిగిన బెజ్జం. తర్వాత ఆ తునకలు పేగులన్నీ తిరిగి మలంలో బయటపడేసరికి అంచులు అరిగి, ఏటిలో దొర్లిన గులకరాళ్లలా నున్నగా అయిపోతాయి. చీకిన చాక్లెట్ ముక్కని నోట్లోంచి తీసి చూసినట్టే. ఇక పాము దగ్గర చదవడానికి దాదాపు ఏమీ ఉండదు. అది ఎముకని కూడా అరిగించుకుంటుంది, మహా అయితే బొచ్చూ కొన్ని పళ్లూ మిగులుతాయి. తోటలో ఎలకల్ని ఎక్కువ తినేది జెర్రిపోతో చావుపిట్టో ఎముకలు చూసి తేల్చలేం, జెర్రిపోతు లెక్కలు చూపించదు.

ఈ తేడాలన్నీ ఓపిగ్గా కూర్చి ఒక పద్ధతిగా నిలబెట్టిన మనిషి లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పనిచేసిన పీటర్ ఆండ్రూస్. ఆయన 1990 పుస్తకం పేరు గుడ్లగూబలు, గుహలు, శిలాజాలు అని మన మాటలో చెప్పుకోవచ్చు. ఇంగ్లండులో సోమర్‌సెట్ జిల్లాలో వెస్ట్‌బరీ అనే ఊరి గుహలో చిన్న జంతువుల ఎముకలు గుట్టలుగా బయటపడ్డాయి, లక్షల ఏళ్ల నాటివి. వాటిని చూసి ఆ కాలపు నేల, చెట్టూచేమా ఎలా ఉండేవో చెప్పాలి. ఆండ్రూస్ వెంటనే ఆ పనికి దిగలేదు. ఈ ఎముకల్ని ఇక్కడికి తెచ్చిందెవరు అన్న ప్రశ్న ముందు పెట్టుకున్నాడు. ఏ జంతువు గూటి కిందవో, ఏ జంతువు మలంలోవో ఖాయంగా తెలిసిన ఎముకలు తీసుకుని, ఒక్కో వేటజంతువు దగ్గర ఏ ఎముకలు మిగులుతున్నాయి, ఎక్కడ విరుగుతున్నాయి, యాసిడ్ ఎంత లోతుకి దిగుతోంది అని లెక్కలు కట్టాడు. అరుగుదలని ఐదు మెట్లుగా విడగొట్టాడు. మొదటి మెట్టు, అంటే అన్నిటికంటే తక్కువ గాయం, మన చావుపిట్టది. చివరి మెట్టున నక్కల్లాంటి నమిలే జంతువులు. ఆ తర్వాతే గుహలో ఎముకల దగ్గరికి వెళ్లాడు, పొరపొరకీ వేటగాడు ఎవరో విడదీస్తూ.

ఆ వరసక్రమం నాకు చాలా ఇష్టం. మామిడికాయ పట్టుకుని ముందు పన్ను చూసే తాత వరస కూడా అదే కదా. వేటగాడు ఎవరో తెలీకుండా ఎముకల్ని లెక్కబెడితే బోల్తాపడతాం. చావుపిట్ట రాత్రి తిరుగుతుంది, మనకి తెలిసిన ఉడత పగలు తిరుగుతుంది. డ్యూటీ వేళలు కలవవు. మా షెడ్డు ఉండల్లో నాకు ఒక్క ఉడత ఎముక కనబడలేదు. వెయ్యేళ్ల తర్వాత ఎవరో ఈ ఎముకలు మాత్రమే తవ్వి తీసి, ఉంగుటూరు తోటల్లో ఉడతలే ఉండేవి కావు, ఉన్నదంతా వరిచేలూ పందికొక్కులే అని రాస్తే ఎంత తప్పు! షెడ్డు చుట్టూ ఉన్నది మామిడి. పిట్ట మాత్రం ఎలకలున్న వరి మాగాణి మీదికే పోయి వేటాడింది.

ఈ ప్రశ్న మన రాష్ట్రంలోనే ఒకచోట చాలా పెద్దగా నిలబడి ఉంది. బేతంచర్ల దగ్గర బిల్లసుర్గం గుహలు. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ అనే సైనికాధికారి అక్కడ ఎముకలు చూశాడు. తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. మద్రాసు దగ్గర పల్లావరంలో 1863లో రాతి గొడ్డలి ఏరి మన దేశపు రాతియుగానికి తలుపు తీసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, 1880ల్లో ఆ గుహలకి వచ్చాడు. తండ్రి మొదలుపెట్టిన తవ్వకాన్ని కొడుకు హెన్రీ ఫుట్ కొనసాగించాడు. ఒక గుహకి వాళ్లు చార్నెల్ హౌస్ అని పేరు పెట్టారు, అస్థికల కొట్టు అన్నమాట. దొరికిన జంతువుల్ని 1886లో రిచర్డ్ లిడెకర్ వర్ణించాడు. పెద్దపెద్ద జంతువుల మధ్య పందికొక్కులూ ఎలకలూ ఆ జాబితాలో ఉన్నాయి. నా వేలిమీద ఉన్న దవడకి తాత ముత్తాతలు.

ఖడ్గమృగం దొరికితే అందరూ చూస్తారు. ఎలక పన్నుని ఎవరు చూస్తారు? కానీ గుహ సంగతులు చెప్పడంలో చిన్నవాటిదే పైచెయ్యి. ఖడ్గమృగం ఎక్కడెక్కడో తిరుగుతుంది, ఎలక పుట్టిన గట్టు దాటదు. గుడ్లగూబ తన వేట మేరలో ఉన్నదాన్నే తెస్తుంది. గుహలో ఎలక ఎముకల మీద ఆ మసక ఒక్కటే ఉంటే, పిట్ట పైన రాతి అరుగు మీద కూర్చుని తరాల తరబడి ఉండలు కక్కింది అని అర్థం. ఏదుపందులు కూడా గుహల్లోకి ఎముకలు మోసుకొస్తాయి, మాంసం కోసం కాదు, పళ్లు అరగదీసుకోవడానికీ సున్నం కోసమూ. ఎముక మీద వాటి గాట్లు వెడల్పుగా, అడుగు చదునుగా, బాడిసతో చెక్కినట్టు ఉంటాయి. బిల్లసుర్గంలో ఏదుపంది ఎముకలు కూడా దొరికాయి. దొరికిన విరిగిన ఎముక ప్రతిదానికీ అందుకే రెండుసార్లు ప్రశ్న వెయ్యాలి: చెక్కింది మనిషా, ఏదుపందా?

1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి, కె. తిమ్మారెడ్డి లాంటివాళ్లు కర్నూలు గుహల మీద మళ్లీ పనిచేశారు. 2014లో పాట్రిక్ రాబర్ట్స్ బృందం బిల్లసుర్గం పొరల్ని రెండు లక్షల ఏళ్ల వెనక్కి చదివి ఒక ఆశ్చర్యం చెప్పింది. గుర్తుపట్టిన 21 రకాల క్షీరదాల్లో ఒక్కటి తప్ప మిగిలినవన్నీ ఈ ఉపఖండంలో ఇవాళ్టికీ బతికే ఉన్నాయి. మంచుయుగాలు వచ్చిపోయాయి, మనుషులు వచ్చారు, మన పందికొక్కులు గట్లు తవ్వుతూనే ఉన్నాయి. రైతుకి ఇదేమంత సంబరం కాదనుకోండి.

వేటగాడి గుర్తులు చదవడం ఎంతదాకా పోయిందంటే, మన పూర్వీకుల దాకా పోయింది. దక్షిణాఫ్రికాలో 1924లో టౌంగ్ అనే చోట దొరికిన పిల్ల పుర్రె మానవ పరిణామ కథలో పేరుమోసినది. దాన్ని చంపింది చిరుత లాంటి జంతువు కాదు, పెద్ద గద్ద అని 1995లో లీ బర్గర్, రాన్ క్లార్క్ అన్నారు. ఆఫ్రికా అడవుల్లో గద్దలు తిన్న కోతుల పుర్రెల మీద కంటిగుంటల లోపల ఏ గాట్లు పడతాయో తర్వాత తెలిసింది. 2006లో బర్గర్ టౌంగ్ పుర్రెని మళ్లీ చేతిలోకి తీసుకుని చూస్తే అవే గాట్లు, అక్కడే. ఎనభై ఏళ్లుగా ప్రపంచమంతా చూస్తున్న పుర్రె అది. కంటిగుంట అడుగున గీత ఎవరి కంటా పడలేదు.

మళ్లీ షెడ్డుకి వస్తాను. మొత్తం పదకొండు ఉండలు విప్పాను. ఎక్కువ భాగం చిన్న పందికొక్కు, కొన్ని చిట్టెలకలు, రెండు చుంచులు. చుంచు దవడని మొదటిసారి చూస్తే ఎలకదనుకుని పొరబడతాం గానీ, పళ్లు లెక్కపెడితే తేలిపోతుంది. ఎలకకి మొత్తం 16, చుంచుకి 30, అన్నీ సూది మొనలే. ఇది కొరికే నోరు కాదు, పురుగుల్ని పొడిచి నమిలే నోరు. చుంచు కంపుని పిల్లి భరించలేక చంపి వదిలేస్తుంది. చావుపిట్టకి ఆ పట్టింపు లేనట్టుంది, బొచ్చుతో సహా మింగి శుభ్రంగా మూటకట్టి ఇచ్చింది. పుర్రె వెనకభాగం మాత్రం చాలావాటికి లోపలికి నలిగి ఉంది. చంపేటప్పుడు మెడ మీద పట్టిన పట్టు అది. అన్ని ఎముకల్లోనూ పిట్ట బలం ఉపయోగించినట్టు కనబడేది అక్కడే, అదీ ఒక్క నొక్కు. కొండపల్లి బొమ్మ చెక్కేవాళ్లు పొణికి కర్ర మీద ఉలి గాటు కనబడకుండా నునుపు చేసి రంగు వేస్తారు. ఈ పిట్ట అసలు గాటే పెట్టకుండా పని ముగిస్తుంది.

ఎముకలన్నీ నల్ల గుడ్డ మీద వరసగా పేర్చి తాతకి చూపించాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఇన్ని తినేసిందా ముండ" అన్నాడు, మెచ్చుకోలుగానే. దూలం మీద దానికి చెక్కపెట్టె ఒకటి కట్టిస్తే బావుంటుందేమో యజమానితో చెబుతానన్నాడు. తర్వాత గుడ్డ చివర విడిగా పెట్టిన ఎముక ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. పందికొక్కు తొడ ఎముక, ఉండలోది కాదు, గడ్డి కింద ఊడ్చినప్పుడు దొరికింది. ఎండి తెల్లగా ఉంది, ఒక అంచు వెంట ఏవో గాట్లు. పిల్లి నమిలిందేమోనని దాన్ని పక్కన పెట్టుకున్నాను. పన్ను గుంట కోసం రెండు రోజులు భూతద్దం పట్టుకుని వెతికినా దొరకలేదు.

తాత దాన్ని వెలుతురుకి తిప్పి, బొటనవేలి గోరుతో ఆ అంచు మీద ఒకసారి రాశాడు.

"నమల్లేదు బాబూ, కొరికింది" అన్నాడు. "జంటగీతలు చూడండి. ఉడత."